ఇల్లు ఖాళీ చేస్తుంటే బయటపడిన పాత వస్తువులు: ఏది ఎక్కడికి పంపాలి?

ప్రశ్న

నమస్కారం. నాన్నగారు పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. పెద్ద కూతురిని కాబట్టి, వారిద్దరూ 40 ఏళ్లు కాపురం ఉన్న ఇంటిని ఖాళీ చేసే పని కూడా నా మీదే పడింది. బట్టలు, పాత్రలు, పుస్తకాలు ఎవరికి పనికివస్తాయో తెలుసు కనుక ఆ పని నాలుగు రోజుల్లో తెమిలింది. అయితే నాన్నగారి అలమర కింది అరలో, అటక మీద, మెట్ల కింది గూటిలో దొరికినవి మాత్రం ఒక పెద్ద అట్టపెట్టెలో చేరి వారం రోజులుగా వరండాలోనే ఉన్నాయి. ఆయన దేనినీ పారవేసే మనిషి కారు. ఏనాటికైనా అవసరపడుతుందని ప్రతి వస్తువునూ కాగితంలో చుట్టి, దారం కట్టి దాచేవారు. అలాంటి వాటిని తీసుకువెళ్లి చెత్తకుండీలో కుమ్మరించడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

పెట్టెలో ఏమున్నాయో చెబుతాను. టార్చిలైట్లలోనూ రిమోట్లలోనూ వాడి తీసిన సెల్లులు ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో కొన్నింటి కొసన తెల్లటి పొడి పేరుకుంది. చేతి గడియారాల నుంచి తీసిన బటన్ సెల్లులు ఒక చిన్న సీసాలో ఉన్నాయి. పాత మొబైల్ ఫోన్లు మూడు ఉండగా, వాటిలో ఒకదాని వెనుక మూత దానంతట అదే పైకి లేచి, లోపలి బ్యాటరీ దిండులా ఉబ్బి కనిపిస్తోంది. మాడిపోయిన సీఎఫ్‌ఎల్ బల్బులు ఆరు, పొడవాటి ట్యూబులైట్లు రెండు, జ్వరం చూసే గాజు థర్మామీటరు ఒకటి ఉన్నాయి. కాలం చెల్లిన మాత్రలు, సగం మిగిలిన సిరప్పు సీసాలు, నాన్నగారు వాడిన ఇన్సులిన్ సూదులు, రెండు ఇన్‌హేలర్లు ఒక సంచిలో ఉన్నాయి. ఇవి కాక అడుగంటిన ఎనామెల్ పెయింటు డబ్బాలు, కలప మెరుగుకు వాడే అవిసె నూనె, పురుగుల మందు స్ప్రే, పగిలిన నిలువుటద్దం, లెక్కలేనన్ని ప్లాస్టిక్ డబ్బాలు మిగిలాయి.

పొరుగున ఉండే పెద్దాయన ఒకరు, పెరట్లో గొయ్యి తీసి కొన్నింటిని పూడ్చిపెట్టి, తక్కినవి కాల్చివేయమని సలహా ఇచ్చారు. నాకు అది సరైన పని అనిపించలేదు. వీటిలో ఏది రీసైక్లింగుకు పోతుంది, దేనిని విడిగా అప్పగించాలి, ప్లాస్టిక్ డబ్బాల అడుగున ఉండే మూడు బాణాల గుర్తు ఉన్నంత మాత్రాన వాటన్నింటినీ కరిగించి మళ్లీ వాడుతారా అన్న విషయాలు తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

అమ్మా, ఏం చేయాలో తెలియనప్పుడు ఆ పెట్టెను కదపకుండా ఆగి మీరు మంచి పని చేశారు. నేను 11 ఏళ్లు పొడి చెత్తను వేరుచేసే కేంద్రంలో పనిచేశాను. చెత్త వాహనం లోపలికి వచ్చాక ఏం జరుగుతుందో చెబితే, ఏ వస్తువును ఎలా పంపాలో మీకే సులభంగా తోస్తుంది.

వాహనంలో చెత్తను యంత్రంతో గట్టిగా నొక్కుతారు. ఆ తరువాత దానిని నేల మీద గుట్టగా పోసి, కదిలే పట్టా మీదికి ఎక్కిస్తారు. ఆ పట్టాకు ఇరువైపులా మనుషులు నిలబడి చేతులతో ఏరుతారు. ఎంత మంచి తొడుగులు వేసుకున్నా సూది వాటిలో నుంచి దిగుతుంది. నా పక్కన నిలబడి పనిచేసిన ఒక అమ్మాయికి అరచేతిలో ఇన్సులిన్ సూది గుచ్చుకున్నది. గాయం కనబడనంత చిన్నది. కానీ ఆ సూది ఎవరిదో, వారికి ఏ జబ్బు ఉన్నదో తెలియక ఆ పిల్ల నెలల తరబడి రక్తపరీక్షలు చేయించుకుంటూ, ఫలితం వచ్చే ప్రతిసారీ వణికిపోవడం నేను చూశాను. అందుకే ఎవరు అడిగినా మొదట సూదుల గురించే చెబుతాను.

వాడిన సూదికి తిరిగి మూత పెట్టే ప్రయత్నం చేయవద్దు. ఎక్కువమందికి గుచ్చుకునేది అప్పుడే. బట్టల సబ్బు ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసాను తీసుకుని, సూదులను మొన కిందికి ఉండేలా అందులో వేయండి. సీసా ముప్పాతిక వంతు నిండగానే ఆపి, మూత బిగించి, మూత చుట్టూ టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో "వాడిన సూదులు" అని రాయండి. పల్చటి నీళ్ల సీసాలు ఈ పనికి రావు, ఎందుకంటే యంత్రం నొక్కినప్పుడు అవి చిట్లిపోతాయి. ఆ సీసాను ఆసుపత్రికో, స్థానిక సంస్థ వారి ప్రమాదకర గృహ వ్యర్థాల సేకరణకో అప్పగించాలి. ప్లాస్టిక్ సీసాయే కదా అని రీసైక్లింగ్ బుట్టలో మాత్రం వేయకూడదు.

రెండవది నిప్పు. సెల్లులో పని అయిపోయిందని మనం అనుకున్నా, లోపల కొంత చార్జి మిగిలే ఉంటుంది. లిథియం బ్యాటరీని యంత్రం నొక్కితే లోపలి పొరలు చిరిగి ఒకదానికొకటి తగులుతాయి, దానితో బ్యాటరీ తనంతట తానే వేడెక్కి మండుతుంది. చుట్టూ ఉండేది కాగితం, అట్ట, ప్లాస్టిక్. మా కేంద్రంలో రెండుసార్లు గుట్ట అంటుకున్నది, రెండుసార్లూ బూడిదలో మాకు దొరికినవి ఫోను బ్యాటరీలే. కాబట్టి సెల్లులనూ బ్యాటరీలనూ మామూలు చెత్తతో కలపకుండా, వాటిని సేకరించే కేంద్రానికే పంపండి. పంపేముందు లిథియం సెల్లులకు, బటన్ సెల్లులకు, చదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీలకు కొసల మీద టేపు ముక్క అంటించండి. 9 వోల్టుల బ్యాటరీకి రెండు కొసలూ ఒకే వైపు ఉంటాయి కనుక, సంచిలో ఒక తాళంచెవి వాటి మీద అడ్డంగా పడినా చాలు, నిప్పు రాజుకోవడానికి.

తెల్లటి పొడి పేరుకున్నవి ఆల్కలైన్ సెల్లులు అయి ఉంటాయి. లోపల ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి అలా గట్టిపడుతుంది. చర్మాన్ని మండిస్తుంది కనుక ఒట్టి చేతులతో ముట్టుకోకండి. వాటిని వేరే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ డబ్బాను మళ్లీ వాడుకోవాలనుకుంటే, వెనిగరులో తడిపిన గుడ్డతో తుడిచి ఆ తరువాత కడగండి.

ఇక గొయ్యి సంగతి. పూడ్చినది మాయం కాదు, నెమ్మదిగా నేలలోకి, బావి నీటిలోకి దిగుతుంది. కాల్చడం ఇంకా ప్రమాదం. పీవీసీ ప్లాస్టిక్ ఆరుబయట కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడుతో పాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు కూడా పుడతాయి. ఆ పొగను మొదట పీల్చేది మంట పక్కన నిలబడినవారే. స్ప్రే డబ్బాలు, ఇన్‌హేలర్లు నిప్పులో పడితే పేలుతాయి. ఆ పెద్దాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఈ ఒక్క సలహా పాటించకండి.

సమాధానం 2

పై సమాధానంలో చెప్పిన ప్రతి మాటనూ సమర్థిస్తున్నాను. నేను రసాయనశాస్త్రం బోధిస్తాను కనుక, పాదరసం, పెయింట్లు, నూనె విషయం నేను చెబుతాను.

మీ పెట్టెలో అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేది ఆ థర్మామీటరు. లోపలి గీత ఎర్రగానో నీలంగానో ఉంటే అది రంగు కలిపిన ఆల్కహాలు, దానివల్ల భయం లేదు. వెండిలా మెరుస్తుంటే మాత్రం పాదరసమే అనుకోండి. ఒక జ్వరం థర్మామీటరులో సుమారు అర గ్రాము నుంచి ఒక గ్రాము వరకు పాదరసం ఉంటుంది. ఒక సీఎఫ్‌ఎల్ బల్బులో ఉండేది సాధారణంగా 5 మిల్లీగ్రాముల లోపే. అంటే ఒక్క థర్మామీటరు తక్కువలో తక్కువ వంద బల్బుల పెట్టు. పాదరసాన్ని పొరపాటున మింగడం కన్నా దాని ఆవిరిని పీల్చడం ఎక్కువ హాని చేస్తుంది, పైగా గది ఉష్ణోగ్రత దగ్గరే అది కంటికి కనబడకుండా ఆవిరవుతూ ఉంటుంది.

పగలని థర్మామీటరును మెత్తటి గుడ్డలో చుట్టి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో నిలువుగా పెట్టి, పైన "పాదరసం" అని రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి. ఒకవేళ చేయి జారి పగిలితే, పిల్లలను గది బయటికి పంపి, కిటికీలు తెరిచి, మీ చేతి ఉంగరాలూ గాజులూ తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే పాదరసం బంగారాన్ని తాకగానే దానితో కలిసిపోతుంది. చీపురుతో ఊడిస్తే పూస వంద పూసలుగా చెదురుతుంది. వాక్యూమ్ క్లీనరు వాడితే ఆవిరి ఇల్లంతా పరుచుకుంటుంది. రెండు గట్టి అట్టముక్కలతో పూసలను ఒకచోటికి తోసి, మందు చుక్కలు వేసే గొట్టంతో పీల్చి, మూత గట్టిగా ఉన్న సీసాలోకి వదలండి. తరువాత గదిలో దీపాలు ఆర్పి, టార్చిలైటును నేలకు ఆనించినట్టు పట్టుకుని అడ్డంగా వెలుగు వేయండి. నేల అతుకులలో, మంచం కోళ్ల పక్కన మిగిలిపోయిన సన్నటి పూసలు ఆ వెలుగుకు చుక్కల్లా మెరుస్తాయి. వాటిని టేపుతో అద్ది తీయండి. ఆ టేపూ, అట్టముక్కలూ కూడా ఆ సీసాతోనే వెళ్లాలి. సింకులో మాత్రం ఏదీ కడగవద్దు.

సీఎఫ్‌ఎల్ బల్బులనూ ట్యూబులైట్లనూ పగలకుండా, వీలైతే కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి, వాటిని సేకరించే కేంద్రానికి ఇవ్వండి. గాజు కనుక సీసాలతో కలిపి వేయవచ్చు అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. ఒకటి పగిలితే పది నిమిషాల పాటు గది వదిలి, గాలి ఆడనిచ్చి, ఆ తరువాత పెంకులను అట్టతో ఎత్తి, పొడిని టేపుతోనూ తడి కాగితంతోనూ అద్ది, అన్నింటినీ సీసాలో పెట్టి మూత వేయాలి. ఎల్‌ఈడీ బల్బులలో పాదరసం ఉండదు, వాటిని ఎలక్ట్రానిక్ వ్యర్థాలతో పంపవచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరైనా అడిగితే మినమాతా పేరు చెప్పండి. జపానులోని ఆ ఊరిలో ఒక కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషులలోకి చేరి నరాలను దెబ్బతీసింది. ఆ వ్యాధిని 1956లో అధికారికంగా గుర్తించారు. 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. 2017లో అది అమలులోకి వచ్చింది. పాదరసం థర్మామీటర్ల తయారీకి, ఎగుమతి దిగుమతులకు 2020ని గడువుగా పెట్టినదీ ఆ ఒప్పందమే. కొత్తవి ఆగినా, పాతవి మన అలమరలలో ఉన్నంతకాలం ఈ పని మిగిలే ఉంటుంది.

పెయింట్ల విషయానికి వస్తే, నీటితో కలిసే గోడ రంగు కొంచెమే మిగిలి ఉంటే మూత తీసి, ఇసుకో రంపపు పొట్టో కలిపి, గట్టిగా ఎండనిచ్చి చెత్తలో వేయవచ్చు. మీ దగ్గర ఉన్నది ఎనామెల్ కాబట్టి ఆ పద్ధతి పనికిరాదు. అది మండే ద్రావకంతో చేసినది, పాతదైతే సీసం కూడా ఉండవచ్చు. డబ్బా మూత బిగించి ప్రమాదకర వ్యర్థాలలోకే పంపాలి. అవిసె నూనె మరీ విచిత్రమైనది. సీసాలో ఉన్నంతసేపూ సాధువుగా ఉంటుంది. గుడ్డకు అంటిన నూనె మాత్రం గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తూ వేడిని పుట్టిస్తుంది, ఆ గుడ్డను ఉండగా చుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోయే దారి లేక, అగ్గిపుల్ల అవసరం లేకుండానే మంటలు వస్తాయి. పెట్టెలో నూనె గుడ్డలు ఉన్నాయేమో ఈ రోజే చూడండి. ఉంటే ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.

మరొక్క మాట. శుభ్రం చేసే ద్రవాల సీసాలు దొరికితే, మిగిలినవన్నీ ఒకే సీసాలో పోయవద్దు. మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లం, బ్లీచింగ్ ద్రావణం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

సమాధానం 3

నేను ఫార్మసిస్టును. మందుల సంచి సంగతి నేను చెబుతాను.

కాలం చెల్లిన మందులు వెనక్కు తీసుకునే ఏర్పాటు ఆసుపత్రిలోనో మందుల దుకాణంలోనో ఉంటే, అదే అన్నిటికన్నా మంచి దారి. వాటిని సింకులోనో మరుగుదొడ్డిలోనో పోయడం చాలా ఇళ్లలో అలవాటు. మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాలు అనేక మందులను పూర్తిగా తొలగించలేవు కనుక అవి నదులకు చేరతాయి. ముఖ్యంగా యాంటీబయాటిక్‌లు అలా చేరితే వాటికి లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి తోడ్పడతాయి.

తీసుకునేవారు లేనప్పుడు, మాత్రలను రేకుల నుంచి విడదీసి, పొడి చేయకుండానే మట్టిలో కలిపి, సిరప్పును కూడా అదే మట్టిలో ఇంకించి, గట్టి సంచిలో వేసి మూతి కట్టి, రీసైక్లింగుకు పోని మామూలు చెత్తలో వేయవచ్చు. మట్టి కలపడం ఎందుకంటే, చెత్తకుండీలో రంగురంగుల మాత్రలు కనబడితే పిల్లలో, పశువులో, తిరిగి అమ్మజూసేవారో వాటిని తీయకుండా ఉండడానికి. క్యాన్సరు మందులు, హార్మోన్లు, బలమైన నొప్పి నివారణ మందులు ఈ పద్ధతికి లోబడవు. వాటిని ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి చేర్చండి. సీసాల మీద నాన్నగారి పేరు, వైద్యుని పేరు ఉన్న చీటీలను చింపివేయడం మరువకండి.

మాత్రల రేకులు మెరుస్తున్నాయని అల్యూమినియంలో వేయకండి, అందులో ప్లాస్టిక్కు రేకు విడదీయరానంతగా అతికి ఉంటాయి. ఇన్‌హేలరులో మందు అయిపోయిందని తెలిసిన తరువాత కూడా దానిని తోసే వాయువు మిగిలి ఉంటుంది. ఆ వాయువు భూమిని వేడెక్కించడంలో, అదే బరువు గల బొగ్గుపులుసు వాయువుకన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కనుక దానిని గుచ్చి ఖాళీ చేయకుండా మందులతో పాటే అప్పగించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ ఉదయం సూదులన్నింటినీ సబ్బు సీసాలోకి చేర్చి టేపు వేశాను. థర్మామీటరులో గీత వెండిలాగే మెరుస్తోంది. గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను. నూనె గుడ్డ ఒకటి నిజంగానే దొరికింది, కానీ అది ఏళ్ల కిందటే ఆరి చెక్కలా గట్టిపడింది.

ఇప్పుడు నన్ను భయపెడుతున్నది ఆ ఉబ్బిన ఫోను. ఒక బంధువు దానిని ఉప్పునీళ్లలో నానబెడితే చార్జి అంతా పోతుందని చెప్పారు. ఇంకొకరు చిన్న రంధ్రం చేస్తే గాలి పోయి మామూలు అవుతుందని అన్నారు. శనివారం మా చెల్లెలు తన మూడేళ్ల బాబుతో వస్తోంది, ఆలోగా ఆ పెట్టెను వరండాలో లేకుండా చేయాలని ఉంది. ఫోన్లలో నాన్నగారి ఫొటోలు కూడా ఉండి ఉంటాయి. వాటిని తీసుకోవడానికి ఒక్కసారి చార్జింగ్ పెట్టి చూడవచ్చా?

సమాధానం 4

దయచేసి ఆ ఉబ్బిన ఫోనును చార్జింగుకు పెట్టకండి, రంధ్రం చేయకండి, ఉప్పునీళ్లలో వేయకండి. నేను ఫోన్లు మరమ్మతు చేస్తాను, ఈ మూడూ చేసి చేతులు కాల్చుకున్నవారిని చూశాను.

బ్యాటరీ లోపలి ద్రవం చెడిపోయి వాయువులుగా మారినందువల్ల ఆ సంచి ఉబ్బింది. ఆ వాయువులకు నిప్పంటుకునే గుణం ఉంది. లోపల రెండు ధ్రువాల మధ్య ఉండేది కాగితం కన్నా పల్చటి పొర. సూదితో గుచ్చితే గాలి బయటికి వచ్చే లోపే ఆ పొర చిరిగి, రెండు ధ్రువాలూ కలిసి మండుతాయి. అప్పుడు వచ్చే పొగలో ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. ఉప్పునీళ్లలో వేస్తే కొసల దగ్గర హైడ్రోజన్ వెలువడుతుంది, కొసలు తుప్పు పట్టి తినేసుకుపోతాయి, లోపలి చార్జి మాత్రం మిగిలిపోవచ్చు. పైకి చల్లగా కనబడే ఆ బ్యాటరీని నమ్మి చెత్తలో వేస్తే, మొదటి సమాధానంలో చెప్పినట్టు గుట్ట అంటుకుంటుంది.

ఫోను ఆపివేసి ఉంటే అలాగే ఉంచండి. మూతను వెనక్కు నొక్కే ప్రయత్నం చేయకండి. ఒక రేకు డబ్బాలోనో మట్టి కుండలోనో పొడి ఇసుక రెండు అంగుళాలు పోసి, దాని మీద ఫోనును పెట్టి, పైన మళ్లీ ఇసుక కప్పండి. మూతను బిగించకుండా ఊరికే ఆనించండి. ఆ డబ్బాను ఇంటికి దూరంగా, ఎండ తగలని చోట, సిమెంటు నేల మీద ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాల కేంద్రానికి ఫోను చేసి బ్యాటరీ ఉబ్బినదని ముందే చెప్పండి. తపాలాలోనో కొరియరులోనో పంపకండి.

ఫొటోల గురించి దిగులు పడకండి. ఆ ఫోనులో చిన్న మెమరీ కార్డు ఉన్నదేమో ముందు తెలుసుకోండి. చాలా పాత ఫోన్లలో ఫొటోలు అందులోనే ఉంటాయి. దాని అర పక్క అంచులో ఉండి, బ్యాటరీని తాకకుండా తీయగలిగితే తీసుకోండి. బ్యాటరీ వెనుక ఉంటే మరమ్మతు చేసేవారి దగ్గరికి ఇసుక డబ్బాతో సహా తీసుకువెళ్లండి. వారు ఉబ్బిన బ్యాటరీని తీసి, మంచిది అమర్చి ఫొటోలు తీసి ఇవ్వగలరు. ఉబ్బని రెండు ఫోన్లను మీరే చార్జి చేసి చూడవచ్చు, మెత్తటి పరుపు మీద మాత్రం కాదు. ఫొటోలు తీసుకున్నాక ఖాతాలన్నింటి నుంచి బయటికి వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ము, కార్డు తీసి అప్పగించండి. ప్రపంచంలో 2022లో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. వాటిలో సరిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమే. మీ మూడు ఫోన్లలో కూడా బంగారం, రాగి, కోబాల్టు ఉన్నాయి.

శనివారం బాబు వస్తున్నాడు కనుక, నా మటుకు నేను ఫోను కన్నా ముందు ఆ బటన్ సెల్లుల సీసా సంగతి చూడమంటాను. నాణెం ఆకారంలో ఉండే లిథియం సెల్లును పసివాడు మింగితే, అది గొంతులో ఇరుక్కుని, లాలాజలం తడికి కరెంటు ప్రవహించి, రెండు గంటల లోపే అన్నవాహికను కాల్చివేయగలదు. పని అయిపోయిన సెల్లు కూడా అంత పనీ చేస్తుంది. ఒక్కొక్క దానికి రెండు వైపులా టేపు అంటించి, సీసాను తాళం వేసే చోట పెట్టి, శనివారానికి ముందే అప్పగించిరండి. మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నది ఇంట్లో అందరికీ తెలియాలి.

సమాధానం 5 (మొదటి సమాధానం రాసినవారు)

ప్లాస్టిక్ డబ్బాల గురించి మీరు అడిగినది అలాగే మిగిలిపోయింది, అది కూడా చెబుతాను.

త్రికోణంలోని అంకె ఆ వస్తువు ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. రీసైకిల్ చేస్తామని అది ఇచ్చే హామీ కాదు. అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ వారు 1988లో ఆ అంకెలను ప్రవేశపెట్టారు. బాణాలు చూసి జనం తికమక పడుతున్నారని 2013లో వాటి స్థానంలో మామూలు త్రికోణం పెట్టాలని ప్రమాణాన్ని మార్చారు, అయినా బాణాల గుర్తు నేటికీ విస్తారంగా కనబడుతుంది. మా అనుభవంలో, కొనేవారు తేలికగా దొరికేది 1 అంకె ఉన్న నీళ్ల సీసాలకు, 2 అంకె ఉన్న సబ్బు ద్రవం సీసాలకు, కొంతవరకు 5 అంకె ఉన్న గట్టి డబ్బాలకు. 3 అంటే పీవీసీ. అది 1వ రకంతో కలిసిందంటే తంటా. 1వ రకం కరగడానికి దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడికి చాలా ముందే పీవీసీ విరిగిపోయి ఆమ్లాన్ని వదులుతూ మొత్తం ముద్దను నల్లబరుస్తుంది. 7 అంకె ఉన్నదీ, అంకె లేనిదీ ఎక్కువగా చెత్తకే పోతాయి.

అంకె చెరిగిపోయిన ముక్క చేతికి వస్తే మేము నీళ్ల బకెట్టులో వేసేవాళ్లము. 2, 4, 5 రకాలు తేలుతాయి, 1, 3 రకాలు మునుగుతాయి. నీళ్ల సీసాను మూతతో సహా ముక్కలు చేసి నీటిలో వేస్తే, సీసా ముక్కలు అడుగుకు చేరి, మూత ముక్కలు పైన తేలడం చూడవచ్చు. పెద్ద కర్మాగారాలలో కూడా వాటిని ఇలాగే వేరుచేస్తారు.

మెరిసే పొట్లాలను గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉండిపోతే అల్యూమినియం రేకు, దానిని ఉండగా చుట్టి లోహాలలో వేయవచ్చు; అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడం కన్నా పాత దానిని కరిగిస్తే 95 శాతం శక్తి ఆదా అవుతుంది. మళ్లీ విచ్చుకుంటే అది లోహపు పూత పూసిన ప్లాస్టిక్, దానిని వేరుచేసే దారి మాకు లేదు. దుకాణం రసీదును గోరుతో గీయండి. నల్లటి గీత పడితే అది వేడికి అచ్చయ్యే రసాయనం పూసిన కాగితం, మంచి కాగితాలతో కలపకండి. డబ్బాలను తళతళలాడేలా తోమనవసరం లేదు. అడుగున ఉన్నది గీకి, ఒకసారి నీళ్లు తిప్పి పోసి, ఆరబెడితే చాలు. పల్చటి క్యారీ సంచులను మాత్రం విడిగా కట్ట కట్టండి. అవి యంత్రం ఇరుసుల చుట్టూ జుట్టులా చుట్టుకుంటాయి, వాటిని కోసి తీయడానికి యంత్రాన్ని ఆపి, కత్తులు పట్టుకుని లోపలికి దిగాలి.

అద్దాన్ని గాజు సీసాలతో కలపవద్దు. దాని వెనుక పూత ఉంటుంది, గాజు కూర్పు కూడా సీసాలకన్నా వేరు. పింగాణీ కూడా అంతే. సీసాలను కరిగించే కొలిమిలో అది కరగక రాళ్లలా మిగిలి, కొత్త సీసాను పగిలేలా చేస్తుంది. పెంకులను మందపాటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన రాసి, చెత్త తీసుకునే మనిషి చేతికి నేరుగా ఇస్తూ లోపల ఏముందో నోటితో చెప్పండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఫొటోలు దొరికాయి. ఉబ్బిన ఫోనులోని కార్డు పక్క అంచులోనే ఉన్నది, అందులో 212 ఫొటోలు ఉన్నాయి. ఫోను ఇసుక డబ్బాలో ఉంది, కేంద్రం వారు రేపు ఉదయం తీసుకురమ్మన్నారు. బటన్ సెల్లులు, ఇతర సెల్లులు, థర్మామీటరు, బల్బులు నిన్ననే అప్పగించి వచ్చాను. సూదుల సీసాను ఆసుపత్రివారు తీసుకున్నారు. పెయింటు డబ్బాలు, స్ప్రే మాత్రం ప్రమాదకర వ్యర్థాల వాహనం వచ్చే రోజు దాకా తాళం వేసిన గదిలో ఉంటాయి.

అద్దం పెంకులను అమ్మ తన చేతులతో పాత పత్రికలలో నాలుగు మడతలు చుట్టి, నాన్నగారు కట్టినట్టే అడ్డంగా, నిలువుగా దారం కట్టింది. పైన "పగిలిన అద్దం, చేయి పెట్టవద్దు" అని నేను రాశాను.